రెండు చేతుల్లో రెండు కత్తులు: డంజన్స్ అండ్ డ్రాగన్స్ జంట ఆయుధాల నియమాన్ని ఎలా చదవాలి

రెండు చేతుల్లో రెండు కత్తులు పట్టిన వీరుణ్ణి ఊహించుకుని ఆటకు వచ్చేవారు దాదాపు ప్రతి బృందంలోనూ ఒకరుంటారు. ఆ ఊహ అంటే నాకు చాలా ఇష్టం. అయితే మొదటి పోరాటం మొదలైన పది నిమిషాలకే ఆ ఆటగాడు ఒకలా, డంజన్ మాస్టరు (ఆట నడిపేవారు) ఇంకొకలా, పక్కన కూర్చున్న మిత్రుడు మరొకలా నియమం చెప్పడం, ఆట నిలిచిపోవడం చాలాసార్లు చూశాను. నియమం నిజానికి చిన్నది. కానీ అందులో ప్రతి మాటా ఒక షరతు. ఒక మాట జారితే లెక్క మొత్తం మారిపోతుంది.

ఇది ఐదో ఎడిషన్ ఆడేవారి కోసం రాస్తున్నాను. ఇరవై ముఖాల పాచిక, ఆర్మర్ క్లాస్, మాడిఫయర్ వంటివి మీకు పరిచయమేనని అనుకుంటున్నాను. మొదలుపెట్టేముందు ఒక సంగతి గట్టిగా పట్టుకోండి: రెండో కత్తి వెల మీ బోనస్ యాక్షన్, అంటే వంతులో ప్రధాన పనితోపాటు చేయగల ఒక చిన్న అదనపు పని. కత్తి కొనడానికి పెట్టిన బంగారు నాణేలు ఒక్కసారి పోతాయి. బోనస్ యాక్షన్ మాత్రం రెండో దెబ్బ వేసిన ప్రతిసారీ ఖర్చవుతుంది.

1. మీ దగ్గర ఉన్న పుస్తకం ఏ సంవత్సరానిదో చూడండి

ఐదో ఎడిషన్ ఆటగాళ్ల పుస్తకం 2014లో వచ్చింది. దాన్ని సవరించిన పుస్తకం 2024లో వచ్చింది. రెండింటి పాత్రలూ కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, ఒకరు పాతది, ఒకరు కొత్తది చదివి వచ్చారని చాలాసేపటి దాకా ఎవరికీ తెలియదు. జంట ఆయుధాల నియమం రెండింటిలోనూ ఒకటి కాదు. 2014లో అది పోరాటం అధ్యాయంలో విడి శీర్షిక కింద ఉంది. 2024లో దాన్ని ఆయుధాల గుణాల దగ్గర, 'లైట్' అనే గుణం వివరణలో కలిపేశారు. పోరాటం పేజీల్లో వెతికి దొరకలేదని రద్దయిందనుకోకండి.

పుస్తకం కొనని వారికి ప్రాథమిక నియమాలు సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్ పేరుతో ఉచితంగా దొరుకుతాయి. 2014 నియమాలకు 5.1, సవరించిన నియమాలకు 5.2 చూడండి.

మూడో ఎడిషన్ కాలం నుంచి ఆడుతున్న మిత్రులు మీ బృందంలో ఉంటే ఇంకో జాగ్రత్త అవసరం. దాని సవరణ అయిన 3.5లో శిక్షణ లేకుండా రెండు ఆయుధాలు పట్టుకుంటే మొదటి చేతికి -6, రెండో చేతికి -10 కోత పడేది. రెండోది తేలికైనదైతే -4, -8. దానికి తోడు ఫీటు (పాత్ర ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) కూడా ఉంటే రెండు చేతులకూ -2. ఏళ్ల తరబడి ఆ లెక్కలతో ఆడినవారు ఇప్పటికీ 'రెండో చేతికి కోత ఉండాలి కదా' అంటారు. ఐదో ఎడిషన్‌లో పాచిక మీద ఏ కోతా లేదు. రెండో దాడిని కూడా మొదటి దాడికి కలిపిన బోనసులతోనే వేస్తారు.

2. 2014 నియమాన్ని షరతులుగా విడదీయండి

నియమం సారాంశం ఇది. మీరు అటాక్ యాక్షన్ తీసుకుని, ఒక చేతిలో ఉన్న లైట్ గుణం గల దగ్గరి పోరు ఆయుధంతో దాడి చేస్తే, రెండో చేతిలో ఉన్న వేరే లైట్ ఆయుధంతో బోనస్ యాక్షన్ వాడి మరోసారి దాడి చేయవచ్చు. ఆ రెండో దాడి డ్యామేజ్‌కి మీ మాడిఫయర్ కలపకూడదు, అది రుణ సంఖ్య అయితే తప్ప. దీన్ని ప్రశ్నలుగా మార్చుకుని వరుసగా అడగండి.

మొదటి ప్రశ్న: నేను తీసుకున్నది అటాక్ యాక్షనేనా? శత్రువు మీ పక్కనుంచి తప్పుకుంటుంటే వేసే అవకాశపు దెబ్బ రియాక్షన్. దానికి జతగా రెండో కత్తి దెబ్బ రాదు. మంత్రంలో భాగంగా కత్తితో కొట్టినా, అది మంత్రం వేసే యాక్షనే అవుతుంది. అప్పుడూ రాదు.

రెండో ప్రశ్న: రెండు ఆయుధాలకూ లైట్ గుణం ఉందా? డాగర్, షార్ట్‌సోర్డ్, సిమిటర్, హ్యాండ్‌యాక్స్, లైట్ హ్యామర్, సికిల్, క్లబ్. దగ్గరి పోరు ఆయుధాల్లో జాబితా ఇంతే. రేపియర్ ఇందులో లేదు. చాలామంది పొరబడేది ఇక్కడే, నాకూ కష్టంగా అనిపించేది ఇక్కడే. ఐరోపాలో పదహారు, పదిహేడో శతాబ్దాల ఖడ్గవిద్యలో కుడిచేత రేపియర్, ఎడమచేత బాకు ఎంతో ప్రసిద్ధమైన జోడీ. ఆటలో మాత్రం డ్యూయల్ వీల్డర్ అనే ఫీటు తీసుకుంటే తప్ప ఆ జోడీ కుదరదు. 2014 ఫీటుతో లైట్ కాని ఒంటిచేతి ఆయుధాలకూ అనుమతి వస్తుంది, రెండు చేతుల్లోనూ ఆయుధాలున్నంతసేపు ఆర్మర్ క్లాస్‌కి 1 కలుస్తుంది, రెండు ఆయుధాలనూ ఒకేసారి దూయవచ్చు.

మూడో ప్రశ్న: రెండో చేతిలో ఉన్నది ఆయుధమేనా? డాలు ఆయుధం కాదు. ఖాళీ పిడికిలి లైట్ ఆయుధం కాదు. మాంక్ పాత్ర బోనస్ యాక్షన్‌తో గుద్దగలుగుతుంది, కానీ అది ఆ తరగతికి విడిగా ఇచ్చిన శక్తి. దాన్ని ఈ నియమంతో కలపకండి.

ఏది కుడి, ఏది ఎడమ అన్న ప్రశ్నే నియమంలో లేదు. ప్రధాన హస్తం, అప్రధాన హస్తం అన్న విభజన ఐదో ఎడిషన్‌లో లేదు. ఎడమచేత్తోనూ బాణం వేయగలడు కాబట్టి అర్జునుణ్ణి సవ్యసాచి అన్నాం; ఈ ఆటలో పుట్టిన ప్రతి పాత్రా ఆ లెక్కన సవ్యసాచే. ఈ వంతులో మొదట ఏ కత్తి దూసుకుపోవాలో మీ ఇష్టం, వచ్చే వంతులో మార్చుకోవచ్చు.

నాలుగో ప్రశ్న: ఈ వంతులో నా బోనస్ యాక్షన్ ఇంకా మిగిలి ఉందా? దీని గురించి కొద్దిసేపట్లో విడిగా చెబుతాను.

ఆయుధానికి థ్రోన్ గుణం ఉంటే దాన్ని విసరనూవచ్చు. డాగర్‌తో ఎదురుగా ఉన్నవాణ్ణి పొడిచి, రెండో డాగర్‌ని దూరంగా ఉన్నవాడి మీదకు విసరడం పూర్తిగా నియమబద్ధం.

3. ఒక వంతును కాగితం మీద ఆడి చూడండి

మొదటి లెవెల్ ఫైటర్ అనుకుందాం. డెక్స్టెరిటీ 16, అంటే మాడిఫయర్ +3, ప్రొఫిషియెన్సీ +2. రెండు షార్ట్‌సోర్డులు. ఎదురుగా ఒక గాబ్లిన్: ఆర్మర్ క్లాస్ 15, హిట్ పాయింట్లు 7.

దాడికి +5. పాచిక మీద 10 లేదా అంతకంటే ఎక్కువ పడాలి, అంటే 55 శాతం అవకాశం. రెండుసార్లు వేస్తే కనీసం ఒక దెబ్బ తగిలే అవకాశం దాదాపు 80 శాతం. జంట కత్తుల అసలు బలం ఈ సంఖ్యలో ఉంది.

ఇక డ్యామేజ్. మొదటి దెబ్బ ఆరు ముఖాల పాచిక, దానికి 3. సగటు 6.5. రెండో దెబ్బకు పాచిక మాత్రమే, సగటు 3.5. రెండూ తగిలితే 10. చేతులు రెండూ పెట్టి పట్టుకునే గ్రేట్‌సోర్డ్ ఇదే మాడిఫయర్‌తో ఒక్క దెబ్బకు సగటున ఇచ్చేది కూడా 10. మొత్తం సమానమే, పంపకం వేరు. గ్రేట్‌సోర్డ్ తగిలిందంటే 7 పాయింట్ల గాబ్లిన్ దాదాపు ఎప్పుడూ కూలిపోతుంది. మీ మొదటి కత్తి తగిలితే కూలేది సగం సార్లే. రెండో కత్తి ఒంటరిగా 6 దాటదు కాబట్టి, క్రిటికల్ (పాచిక మీద 20) పడితే తప్ప, నిండు ప్రాణంతో ఉన్న గాబ్లిన్‌ని అది చంపలేదు. అందుకే రెండో దెబ్బను ఇప్పటికే గాయపడిన శత్రువు కోసం దాచుకోండి. మొదటి కత్తితో పక్కవాడు కూలితే, రెండోది అప్పటికే రక్తం కారుతున్న ఇంకొకడి మీద వేయండి. రెండు దాడులూ ఒకే శత్రువు మీద ఉండాలని నియమం ఎక్కడా అనదు. ఒక దాడికీ ఇంకో దాడికీ మధ్య నడవవచ్చు కూడా.

టూ-వెపన్ ఫైటింగ్ అనే ఫైటింగ్ స్టైల్ తీసుకుంటే రెండో దెబ్బకూ మాడిఫయర్ కలుస్తుంది, రెండూ తగిలితే సగటు 13 అవుతుంది. 2014 నియమాల్లో ఫైటర్ దీన్ని మొదటి లెవెల్లో, రేంజర్ రెండో లెవెల్లో తీసుకోగలరు. జంట కత్తులే మీ పాత్ర ప్రాణమైతే, ఇక్కడ వేరే స్టైల్ వైపు చూడవద్దని నా సలహా.

కలపకూడనిది మాడిఫయర్ ఒక్కటే అని కూడా గమనించండి. మాయా కత్తికున్న +1, బార్బేరియన్ రేజ్‌లో (ఆవేశంలో) ఉన్నప్పుడు స్ట్రెంత్‌తో వేసిన దెబ్బకు కలిసే అదనపు డ్యామేజ్, హంటర్స్ మార్క్ (ఒక శత్రువును గుర్తుపెట్టి, అతనికి తగిలే ప్రతి దెబ్బకూ డ్యామేజ్ పెంచే రేంజర్ మంత్రం) పాచిక, ఇవన్నీ రెండో దెబ్బకూ వర్తిస్తాయి. చాలామంది ఆటగాళ్లు వీటిని వదిలేసుకుని నష్టపోతారు.

4. బోనస్ యాక్షన్‌కి ఇంకెవరు పోటీకి వస్తున్నారో రాసుకోండి

మీ పాత్ర కాగితంలో 'బోనస్ యాక్షన్' అన్న మాట ఎక్కడెక్కడ ఉందో వెతికి గీత గీయండి. ఒక వంతుకు అది ఒక్కటే. గీతలు ఎక్కువైన కొద్దీ రెండో కత్తి విలువ తగ్గుతుంది.

రోగ్‌ను చూడండి. రెండో లెవెల్ నుంచి కన్నింగ్ యాక్షన్ వస్తుంది: పరుగెత్తడం, దాక్కోవడం, దెబ్బ తినకుండా తప్పుకోవడం. అన్నీ బోనస్ యాక్షన్‌తోనే. మరోవైపు స్నీక్ అటాక్, అంటే రోగ్ దెబ్బకు కలిసే అదనపు డ్యామేజ్, ఒక వంతులో ఒక్కసారే వస్తుంది, అది ఏ దెబ్బతోనైనా రావచ్చు. కాబట్టి రోగ్‌కి రెండో కత్తి తప్పిన మొదటి దెబ్బకు బీమా లాంటిది. మొదటి దెబ్బ తగిలి స్నీక్ అటాక్ పాచికలు పడిపోతే, రెండో కత్తి ఒక చిన్న పాచికే ఇస్తుంది. ఆ బోనస్ యాక్షన్‌తో డిసెంగేజ్ అయి (దెబ్బ తినకుండా తప్పుకుని) వెనక్కి వెళ్లండి. మొదటిది తప్పితేనే రెండోది వేయండి. ఈ నిర్ణయం మొదటి పాచిక ఫలితం చూశాకే తీసుకోవచ్చు, ముందే ప్రకటించనక్కర లేదు.

రేంజర్ లెక్క ఇంకా సున్నితం. హంటర్స్ మార్క్ వేయడానికి బోనస్ యాక్షన్ కావాలి, అందువల్ల మొదటి రౌండులో రెండో కత్తి లేదు. స్టైల్ ఉన్న రెండో లెవెల్ రేంజర్, మాడిఫయర్ +3, షార్ట్‌సోర్డులు, అన్నీ తగిలాయనుకుందాం. మార్క్ లేకుండా రౌండుకు 13, రెండు రౌండ్లకు 26. మార్క్ వేస్తే మొదటి రౌండులో 10, రెండో రౌండులో 20, మొత్తం 30. రెండో రౌండు దాకా నిలిచే శత్రువైతేనే మార్క్ గిట్టుబాటు. 59 పాయింట్ల ఓగర్ మీద కళ్లు మూసుకుని వేయండి. గాబ్లిన్ల గుంపు మీద వద్దు. ఒకటి చచ్చిన ప్రతిసారీ మార్క్‌ను ఇంకొకదాని మీదకు మార్చడానికి మళ్లీ బోనస్ యాక్షనే ఖర్చవుతుంది.

బార్బేరియన్‌కి రేజ్ మొదలుపెట్టే రౌండులో మాత్రమే ఈ ఇబ్బంది. తరువాత హాయిగా రెండు హ్యాండ్‌యాక్స్‌లతో ఆడవచ్చు.

5. లెవెల్ పెరిగితే ఏమవుతుందో ముందే చూసుకోండి

ఐదో లెవెల్లో ఫైటర్, రేంజర్ వంటివారికి ఎక్స్‌ట్రా అటాక్ వస్తుంది. అటాక్ యాక్షన్‌లో దాడులు రెండవుతాయి, బోనస్ దాడి మాత్రం ఒకటిగానే ఉంటుంది. మొత్తం మూడు, నాలుగు కాదు. ఫైటర్ యాక్షన్ సర్జ్ కూడా అదనపు యాక్షన్ ఇస్తుందే తప్ప అదనపు బోనస్ యాక్షన్ ఇవ్వదు.

దీని ఫలితం ఇలా ఉంటుంది. ఐదో లెవెల్లో మాడిఫయర్ +4 అనుకుంటే, స్టైల్ ఉన్న జంట షార్ట్‌సోర్డులు అన్నీ తగిలితే 22.5, స్టైల్ లేని గ్రేట్‌సోర్డ్ 22. పదకొండో లెవెల్ ఫైటర్‌కి మూడు దాడులు, మాడిఫయర్ +5: జంట కత్తులకు 34, గ్రేట్‌సోర్డ్‌కి 36. అంటే 2014 నియమాల్లో జంట కత్తులు మొదటి లెవెళ్లలో వెలిగి, తరువాత కొంచెం కొంచెంగా వెనకబడతాయి. ఇది దాచిపెట్టాల్సిన విషయం కాదు. మీ డంజన్ మాస్టరుతో ముందే మాట్లాడితే, ఒక మాయా కత్తి దొరికే గుహ కథలోకి వచ్చినా రావచ్చు.

6. కత్తులు దూయడం మరచిపోకండి

2014లో ఒక వంతుకు ఒక వస్తువును మాత్రమే ఉచితంగా ముట్టుకోవచ్చు. అంటే మొదటి రౌండులో ఒక కత్తి బయటికి వస్తుంది, రెండోది ఒరలోనే ఉంటుంది. డ్యూయల్ వీల్డర్ ఫీటు లేకపోతే ఇది నిజమైన ఇబ్బంది. అనుమానంగా ఉన్న చోటికి అడుగుపెట్టేముందే 'ఒక కత్తి దూసి పట్టుకుని నడుస్తున్నాను' అని చెప్పుకోవడం అలవాటు చేసుకోండి. 2024లో అటాక్ యాక్షన్‌లోని ప్రతి దాడితోపాటు ఒక ఆయుధాన్ని దూయవచ్చు లేదా దాచవచ్చు, అందువల్ల ఈ బాధ చాలావరకు తీరిపోయింది.

మంత్రాలు వేసే పాత్రలకు ఇంకో చిక్కు: చేతి ముద్ర అవసరమయ్యే మంత్రానికి ఒక చేయి ఖాళీ ఉండాలి. రెండు చేతుల్లోనూ కత్తులుంటే, వార్ కాస్టర్ ఫీటు లేనివారు ఒకదాన్ని ఒరలో పెట్టుకోవలసిందే.

7. 2024 పుస్తకమైతే 'నిక్' దగ్గర ఆగి చదవండి

2024లో లైట్ ఆయుధంతో దాడి చేశాక, అదే వంతులో తరువాత, వేరే లైట్ ఆయుధంతో బోనస్ యాక్షన్ దాడి వస్తుంది. ఇక్కడిదాకా పాతదే. కొత్తది వెపన్ మాస్టరీ, అంటే ఒక్కో ఆయుధానికి ఉన్న ప్రత్యేక శక్తిని వాడుకునే నేర్పు. బార్బేరియన్, ఫైటర్, పాలడిన్, రేంజర్, రోగ్ ఈ ఐదు తరగతులకూ మొదటి లెవెల్ నుంచే ఇది ఉంది. డాగర్, లైట్ హ్యామర్, సికిల్, సిమిటర్‌లకు నిక్ అనే మాస్టరీ ఉంటుంది. నిక్ ఉంటే ఆ అదనపు దాడి బోనస్ యాక్షన్‌లో కాక అటాక్ యాక్షన్‌లోనే భాగంగా వస్తుంది, వంతుకు ఒక్కసారి.

నాలుగో మెట్టులో గీతలు గీసుకున్న కాగితం మళ్లీ తీయండి. రోగ్ రెండుసార్లు పొడిచి తప్పుకోగలడు. రేంజర్ మార్క్ వేసిన రౌండులోనూ రెండు కత్తులూ ఆడించగలడు. పదేళ్లుగా జంట కత్తుల మీద ఉన్న వెల ఒక్క వాక్యంతో తీసేశారు, అందుకు నేను మనస్ఫూర్తిగా సంతోషించాను.

నిక్ ఏ ఆయుధానికి ఉండాలి, మొదటిదానికా రెండోదానికా అన్న వాదన వస్తుంది. అదనపు దాడిని నిక్ ఉన్న ఆయుధంతోనే వేయండి, వాదనే ఉండదు. మొదటి దాడి షార్ట్‌సోర్డ్‌తో చేయండి. దానికి వెక్స్ మాస్టరీ ఉంది: అది తగిలి డ్యామేజ్ అయితే, అదే శత్రువు మీద మీ తరువాతి దాడికి అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం) వస్తుంది. వెంటనే సిమిటర్‌తో నిక్ దాడి. మన మొదటి లెవెల్ ఉదాహరణలో రెండో దెబ్బ తగిలే అవకాశం 55 శాతం నుంచి సుమారు 69కి పెరుగుతుంది. ఈ జోడీకి రెండు మాస్టరీలు అవసరం, ఐదు తరగతుల్లో అందరికీ కనీసం అన్ని ఉంటాయి.

8. పోరాటానికి ముందే తేల్చుకోవలసిన రెండు వాదనలు

ఒకటి డాలు. 2024 వాక్యంలో 'రెండో చేతిలో' అన్న మాట లేదు. కాబట్టి ఎడమచేత డాలు ఉంచుకుని, కుడిచేత షార్ట్‌సోర్డ్‌తో కొట్టి, దాన్ని దాచి, సిమిటర్ దూసి నిక్ దాడి చేయవచ్చని కొందరు అంటారు. అక్షరాలా చదివితే వారి మాట నిలబడుతుంది. నా ఆటలో మాత్రం నేను ఒప్పుకోను. రెండు కత్తుల వీరుడు డాలు ఇచ్చే 2 ఆర్మర్ క్లాస్‌ను వదులుకుని ఈ దారికి వచ్చాడు. ఆ త్యాగం చేయనివాడికి అదే ఫలం ఇస్తే పక్కన కూర్చున్న ఆటగాడికి అన్యాయం జరుగుతుంది.

రెండోది 2024 డ్యూయల్ వీల్డర్ ఫీటు. లైట్ ఆయుధంతో దాడి చేశాక, రెండు చేతులు అవసరం లేని వేరే దగ్గరి పోరు ఆయుధంతో బోనస్ యాక్షన్ దాడిని ఇది విడిగా ఇస్తుంది. నిక్‌తో కలిస్తే నాలుగో లెవెల్లోనే మూడు దాడులు. నిక్‌లోని 'ఒక్కసారి' అన్న పరిమితి లైట్ గుణం ఇచ్చే దాడికి సంబంధించింది, ఫీటు ఇచ్చేది వేరే దాడి. అందుకే దీన్ని నేను ఒప్పుకుంటాను. ఫీటు ఒకటి ఖర్చుపెట్టారు, బోనస్ యాక్షన్ కూడా ఖర్చుపెట్టారు. రేపియర్, బాకు జోడీ ఇష్టపడేవారు క్రమం గుర్తుంచుకోండి: ముందు లైట్ ఆయుధమైన బాకు, తరువాత రేపియర్.

9. పాత్ర కాగితం వెనక మీ వంతును రాసిపెట్టుకోండి

పోరాటంలో పుస్తకం తిరగేయకుండా నాలుగు వాక్యాలు చాలు. 2014 రేంజర్‌కి ఇలా రాయవచ్చు: 'మొదటి కత్తి: +5, ఆరు ముఖాల పాచికకు 3. రెండో కత్తి: +5, స్టైల్ ఉంది కాబట్టి అదే. మార్క్ వేసిన లేదా మార్చిన రౌండులో రెండో కత్తి లేదు. మార్క్ ఉన్నవాడి మీద ప్రతి దెబ్బకూ ఇంకో ఆరు ముఖాల పాచిక.' 2024 రోగ్ అయితే 'షార్ట్‌సోర్డ్ ముందు, సిమిటర్ తరువాత, బోనస్ యాక్షన్ ఖాళీ' అన్న వాక్యాన్ని పెద్ద అక్షరాలతో రాయండి.

రెండు రంగుల ఇరవై ముఖాల పాచికలు దగ్గర ఉంచుకోండి, ఒక్కో కత్తికి ఒక్కో రంగు. రెండో దాడి ఎలాగూ వేస్తానని, రెండూ ఒకే శత్రువు మీదేనని నిర్ణయించుకున్న వంతులో రెంటినీ కలిపి వేయండి, బోలెడు సమయం కలిసివస్తుంది. మొదటి దెబ్బ ఫలితం చూసి తప్పుకోవాలో పొడవాలో తేల్చుకోవలసిన 2014 రోగ్‌లు, వెక్స్ అడ్వాంటేజ్ కోసం ఎదురుచూసేవారు మాత్రం రెండో పాచికను చేతిలోనే పట్టుకుని కూర్చోండి.